నగర యుద్ధంలో ఫిరంగుల కథ చదివేటప్పుడు ఏం చూడాలి

నగరంలో జరిగిన యుద్ధం గురించి చదువుతున్నా, ఫోన్లో వీడియో చూస్తున్నా, ఎవరి దగ్గర ఎన్ని ఫిరంగులున్నాయో లెక్కపెట్టడంతో మొదలుపెట్టకండి. ఆ లెక్క మైదానంలో పనికొస్తుంది. వీధుల్లో ముందు చూడాల్సింది గుండు ఏ కోణంలో వచ్చి పడుతోందన్నది.

ఫిరంగి గుండు ఏటవాలుగా వస్తుంది, మధ్యలో మేడ అడ్డొస్తే దాని వెనక కొంత నేల దానికి అందదు. అమెరికా సైనిక మాన్యువల్స్‌లో దీనికో మోటు లెక్క ఉంది: తక్కువ కోణంలో కొడితే మేడ ఎత్తుకు ఐదు రెట్లు, మోర్టార్‌లా (గుండును పైకి విసిరే పొట్టి ఫిరంగి) పైకెగిరి నిట్టనిలువుగా పడితే ఎత్తులో సగం దూరం అందదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ 15 మీటర్లనుకోండి, వెనక 75 మీటర్ల దాకా ఫిరంగికి దొరకదు, మోర్టార్‌కైతే ఏడెనిమిది మీటర్లే. కాగితం మీద ఓ వీధి గీసి ఈ రెండు అంకెలూ వేసి చూడండి, కాల్బలం మోర్టార్ల కోసం ఎందుకంత పట్టుబడుతుందో అర్థమైపోతుంది.

తర్వాత దూరం. గుండు సొంత సైనికులకు 600 మీటర్ల లోపు పడేలా ఉంటే అమెరికన్లు 'డేంజర్ క్లోజ్' (ప్రమాదకరంగా దగ్గర) అని ముందే చెప్పుకుంటారు. నగరంలో శత్రువు ఎదురింట్లోనే ఉంటాడు మరి! రెండో ప్రపంచ యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్‌ను కాపాడిన సోవియట్ సేనాని చుయ్‌కోవ్ ఈ చిక్కునే ఆయుధం చేసుకున్నాడు. తన సైనికుల్ని జర్మన్లకు వీలైనంత దగ్గరగా అతుక్కుని ఉండమన్నాడు, అప్పుడు వాళ్ల విమానాలు బాంబు వేయాలంటే తమవాళ్ల మీదా పడుతుందేమోనని టెన్షన్. తన పెద్ద ఫిరంగుల్ని మాత్రం వోల్గా నది అవతల, తూర్పు ఒడ్డున పెట్టాడు. అందుకే మ్యాపు చూసేటప్పుడు ఫిరంగి ఎక్కడుందో, గుండు ఎక్కడ పడుతోందో చూసి చెప్పే మనిషి ఎక్కడున్నాడో విడివిడిగా గుర్తుపెట్టుకోండి. ఆ చూసి చెప్పే మనిషి లేకపోతే ఫిరంగి గుడ్డిది.

ఒక్కోసారి ఈ కోణాల గొడవే ఉండదు. 1944 అక్టోబర్‌లో జర్మనీ నగరం ఆహెన్‌లో అమెరికన్లు 155 ఎంఎం (గొట్టం వెడల్పు) పెద్ద ఫిరంగిని ఏకంగా వీధిలోకి తోలుకొచ్చి, ఎదురుగా కనబడే మేడల్ని తుపాకీతో కొట్టినట్టు కొట్టారు. 21న లొంగిపోయిన జర్మన్ కమాండర్ విల్క్, 155లను స్నైపర్ తుపాకుల్లా వాడటం మొదలెట్టాక ఇక చేసేదేముంది అన్నట్టు మాట్లాడాడట.

అలాగని అన్నీ కూల్చేస్తే పనైపోతుందనుకోకండి. 1944 మార్చి 15న ఇటలీలోని కసీనో పట్టణాన్ని బాంబులతో నేలమట్టం చేస్తే, ఆ శిథిలాలే మిత్రపక్షం ట్యాంకులకు దారి మూసేశాయి, జర్మన్ పారాట్రూపర్లకు దాక్కునే చోటయ్యాయి.

చివరగా, జనం. 'విమాన దాడులు చేయలేదు' అని చదివితే ఆ వాక్యం దగ్గరే ఆగిపోకండి. 1945లో జపాన్ చేతిలో ఉన్న ఫిలిప్పీన్స్ నగరం మనీలా మీద విమానాలతో బాంబులు వేయడానికి అమెరికన్ జనరల్ మెకార్థర్ ఒప్పుకోలేదు, ఫిరంగులకూ మొదట్లో హద్దులు పెట్టారు. సైనికుల నష్టం పెరిగేసరికి ఆ హద్దులు సడలాయి, ఇంట్రామూరోస్ అనే పాత కోట పేట గోడల్ని పెద్ద హోవిట్జర్లతో (ఒక రకం భారీ ఫిరంగులు) దగ్గర్నుంచే బద్దలు కొట్టారు. నెల రోజులు సాగిన ఆ యుద్ధంలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారని అంచనా. వాళ్లలో చాలామందిని జపాన్ సైనికులే ఊచకోత కోశారు, మిగతావాళ్లలో ఎంతోమంది ఈ గుండ్ల కింద పోయారు.