ముసలి కుక్క కీళ్ల నొప్పి – మూడో పాఠం: గోలీ వేసే ముందు లెక్క

మొదటి పాఠంలో నొప్పిని గుర్తుపట్టడం, రెండో పాఠంలో బరువు తగ్గించడం చూశాం. బరువు పాఠాన్ని దాటేసి నేరుగా మందుల దగ్గరికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లండి. పక్కటెముకలు చేతికి తగలనంత లావున్న కుక్కకు మందు మీద పెట్టే డబ్బులో చాలా భాగం దండగే.

ఈసారి నేర్చుకునే పని ఒక్కటే. డాక్టర్ రాసిన మోతాదు మన కుక్క బరువుకు సరిపోతుందో లేదో మనమే లెక్క చూసుకోవడం. మందు ఏదో, ఎంతో తేల్చేది డాక్టరే. కానీ కుక్క నోట్లో పోసేది మనం కాబట్టి లెక్క మనకూ తెలియాలి.

ముందు ఇంట్లో ఉన్న గోలీల సంగతి. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మిషన్ భగీరథ తాగునీళ్లు వచ్చినా పాత నొప్పులు పోవు కదా. అందుకే అక్కడ చాలా ఇళ్లలో నొప్పి గోలీల పట్టీ ఎప్పుడూ ఉంటుంది. కుక్క లేవలేక మూలుగుతుంటే "పాపం, సగం వేద్దాం" అని రొట్టె ముక్కలో పెట్టేస్తారు. జాలితో చేసే పనే, కానీ కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

కారణం ఇది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఒంట్లో నొప్పిని, వాపును పుట్టించే పదార్థాల తయారీని ఆపుతాయి. అదే జాతి పదార్థాలు కడుపు లోపలి పొరను కాపాడతాయి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూస్తాయి. నొప్పితో పాటు ఆ కాపలా కూడా పోతుంది. పైగా కొన్ని మందులు కుక్క ఒంట్లోంచి తొందరగా పోవు. నాప్రోక్సెన్ అనే నొప్పి గోలీ మనిషి ఒంట్లో సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడితే, కుక్కలో దాదాపు మూడు రోజులు పడుతుంది. రోజుకొకటి వేస్తూ పోతే లోపల పేరుకుపోతుంది. ముందు వాంతులు, తర్వాత నల్లటి విరేచనం, ఆ తర్వాత కిడ్నీలు.

పారాసెటమాల్‌ను కూడా డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే దాని దరిదాపుల్లో కూడా ఉంచొద్దు, ఒక్క గోలీ చాలు చావడానికి. పిల్లల సిరప్‌లు కూడా వద్దు. తీపి కోసం కొన్నిటిలో కలిపే జైలిటాల్ కుక్కకు విషం.

కుక్కల కీళ్ల నొప్పికి డాక్టర్లు తరచుగా రాసేది మెలాక్సికామ్. పాత మందు, చాలా కంపెనీలు తయారు చేస్తాయి, అందుకే ఖర్చు తక్కువ. డైక్లోఫెనాక్ పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు ఆ మందు ఆపేసినప్పుడు దాని స్థానంలో ముందుకొచ్చింది ఇదే. అందుకే బర్రెలున్న ఇళ్లలో దీని ఇంజెక్షన్ సీసా మిగిలిపోయి ఉంటుంది. దాన్ని కుక్కకు వాడొద్దు, అందులో మందు చాలా చిక్కగా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క. ముందు కచ్చితమైన బరువు కావాలి. కుక్కను ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కి ఆ బరువు తీసేయండి. ఎత్తలేనంత పెద్దదైతే ఎరువుల షాపు కాంటా ఉంది. చూపుతో అంచనా వేస్తే మాత్రం కుదరదు.

మెలాక్సికామ్ మామూలు మోతాదు మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, రెండో రోజు నుంచి కిలోకు 0.1, రోజుకు ఒక్కసారే, తిన్న తర్వాత. 18 కిలోల కుక్కకు మొదటి రోజు 3.6, తర్వాత రోజూ 1.8 మిల్లీగ్రాములు. కుక్కల ద్రవం సీసా మీద "మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు" అని ఉంటే, 1.8ని 1.5తో భాగించండి: 1.2 మిల్లీలీటర్లు. సూది తీసేసిన సిరంజితో కొలవండి, చెంచా వద్దు. సీసా మారినప్పుడల్లా ఆ అంకె మళ్లీ చదవండి. 0.5 సీసాలు కూడా ఉంటాయి. దానికి అలవాటు పడినవాళ్లు 1.5 సీసాలోంచి అన్నే మిల్లీలీటర్లు పోస్తే మూడింతలు పోసినట్టు.

మనుషుల మెలాక్సికామ్ గోలీ 7.5 లేదా 15 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ 18 కిలోల కుక్కకు 15 గోలీ వేస్తే రోజువారీ మోతాదుకు ఎనిమిదింతలు దాటింది. "పేరు ఒకటే కదా" అని మెడికల్ షాపులో కొనేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మొదటిసారి మొదలుపెట్టే ముందు కిడ్నీ, లివర్ రక్త పరీక్ష చేయించండి. పరీక్ష ఖర్చు ఎక్కువనిపిస్తే మిగతా చోట తగ్గించుకోండి, దీంట్లో వద్దు. గ్లూకోసమైన్ డబ్బాలు మానేయొచ్చు, వాటికి గట్టి రుజువు లేదని నా అభిప్రాయం. ఒంటి మీద పిడుదులుండి, జ్వరంతో కుంటుతుంటే అది కీళ్ల అరుగుదల కాకపోవచ్చు, పిడుదుల జ్వరం కావచ్చు. ఆ పరీక్ష కూడా అడగండి.

ఊళ్లో ఎవరైనా ముందే సూది వేసి ఉంటే దాని పేరు రాయించుకుని డాక్టర్‌కు చూపించండి. సూది పడిన గంటల్లో కుక్క పరుగెత్తిందంటే అది డెక్సా లాంటి స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్, మెలాక్సికామ్ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది. మధ్యలో ఎన్ని రోజులు ఆగాలో డాక్టరే చెప్పాలి.

ఇక మన ఎండాకాలం. నీళ్లు తక్కువైన కుక్కకు ఈ మందు కిడ్నీల మీద మరింత భారం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ల గిన్నె ఖాళీగా ఉండకూడదు. వాంతి, విరేచనం పట్టుకున్నా, తిండి మానేసినా, మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగుతున్నా ఆ రోజు మందు ఆపి పశువుల దవాఖానకు ఫోన్ చేయండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున లేవడానికి ఎంత కష్టపడింది, గడప దాటిందా, తిన్నదా, విరేచనం రంగు ఏమిటి. రోజుకు ఒక్క లైను చాలు. రెండు వారాల తర్వాత అది డాక్టర్ ముందు పెడితే, నొప్పి అదుపులో ఉంటే మోతాదు తగ్గించే వీలుంటుంది. అక్కడే మందు ఖర్చూ తగ్గుతుంది.

అభ్యాసం: 24 కిలోల కుక్క, 1.5 సీసా. మొదటి రోజు ఎన్ని మిల్లీలీటర్లు, రెండో రోజు ఎన్ని? మనుషుల 7.5 గోలీలో సగం వేస్తే ఎంత ఎక్కువైంది? కాగితం మీద చేసి చూడండి. జవాబులు: 3.2, 1.6, రోజువారీ మోతాదుకు ఒకటిన్నర రెట్లు దాటింది.

వచ్చే పాఠంలో నున్నటి షాబాద్ బండల మీద కుక్క జారకుండా గోనెపట్టాలు పరిచే తీరు, గోళ్లు కత్తిరించడం, నడక ఎంతసేపు అనేవి చూద్దాం.