పది నిమిషాల టైమర్‌ని క్షణంలో టెస్ట్ చేయడం ఎలా?

విశాఖ నుంచి అరకుకు టూర్ బస్సు టికెట్లు అమ్మే యాప్ ఒకటి మీరు రాస్తున్నారనుకుందాం. సీటు ఎంచుకున్నవాళ్లకి డబ్బు కట్టడానికి 10 నిమిషాలు గడువు. ఈలోగా కట్టకపోతే సీటు మళ్లీ ఖాళీ అవ్వాలి. జావాస్క్రిప్ట్ కోడ్‌లో ఇది ఒక్క సెట్‌టైమౌట్ (ఇంత సేపయ్యాక ఫలానా పని చెయ్ అని చెప్పే ఫంక్షన్). తంటా అంతా టెస్ట్ దగ్గరే. 10 నిమిషాలు ఆగలేం. ఆగుదామన్నా, మనం మార్చకపోతే జెస్ట్ (జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే టూల్) ఒక్కో టెస్టుకి ఇచ్చేది 5 సెకన్లే.

దీనికి రుషికొండ ఐటీ హిల్స్ మీదా, ఇంకెక్కడైనా కనిపించే అడ్డదారి ఒకటుంది: టెస్టులో మాత్రం గడువును 50 మిల్లీసెకన్లకు తగ్గించి, 60 మిల్లీసెకన్లు ఆగి చూడటం. మీ ల్యాప్‌టాప్‌లో పాస్ అవుతుంది. సిఐ సర్వర్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులన్నీ తనంతట తానే నడిపే మెషీన్) మీద లోడ్ ఎక్కువగా ఉన్నరోజు, సీటు వదిలే పని పూర్తికాకముందే ఆ 60 అయిపోయి ఫెయిల్ అవుతుంది. మళ్లీ రన్ కొడితే పాస్. నన్నడిగితే ఇలాంటి టెస్టు ఉండటం కన్నా లేకపోవడమే నయం. ఎర్ర గుర్తు కనబడితే "ఏం కాదులే, మళ్లీ రన్ చెయ్" అనడం టీమ్ మొత్తానికి అలవాటైపోతుంది.

గడువును అలాగే ఉంచి గడియారాన్నే మన చేతిలోకి తీసుకుంటే ఈ గొడవ ఉండదు. ఫేక్ టైమర్లు చేసేది అదే. ఉదాహరణలు జెస్ట్‌లో చెబుతాను. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, ఎడిటర్‌లో ఎప్పట్లాగే ఇంగ్లిష్‌లో కొట్టండి.

1. గడియారం మార్చండి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయండి

ప్రతి టెస్టుకీ ముందు నడిచే బిఫోర్‌ఈచ్‌లో జెస్ట్.యూజ్‌ఫేక్‌టైమర్స్() పెట్టండి. అక్కడి నుంచి సెట్‌టైమౌట్, సెట్‌ఇంటర్వల్ (ఒకే పనిని ఇంత సేపటికోసారి చేయించేది), డేట్ లాంటివన్నీ నకిలీవి. సెట్‌టైమౌట్ పిలిస్తే ఆ పని ఒక వరసలో నమోదవుతుంది తప్ప, మీరు కదపనిదే టైమ్ కదలదు. ప్రతి టెస్టు తర్వాత నడిచే ఆఫ్టర్‌ఈచ్‌లో మిగిలిన టైమర్లను జెస్ట్.క్లియర్‌ఆల్‌టైమర్స్() తో తుడిచేసి, జెస్ట్.యూజ్‌రియల్‌టైమర్స్() పిలవండి. ఈ రెండో సగం మర్చిపోతే అదే ఫైల్లో కింద ఉన్న, ఏ సంబంధమూ లేని టెస్టు వేలాడుతుంది. దాన్ని వెతకడం మహా చిరాకు.

ఇంకో సంగతి. మీ మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడే సెట్‌టైమౌట్‌ను వేరే వేరియబుల్‌లో దాచుకుంటే దాని చేతిలో ఉన్నది అసలు గడియారమే. మీరు తర్వాత ఎంత మార్చినా దానికి తెలియదు.

2. అంచు దగ్గర పరీక్షించండి

10 నిమిషాలంటే 6,00,000 మిల్లీసెకన్లు. సీటు పట్టుకున్నాక జెస్ట్.అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్(599999) అనండి. సీటు ఇంకా ఆ ప్రయాణికుడి పేరు మీదే ఉండాలి. తర్వాత ఇంకొక్క మిల్లీసెకను కదపండి. ఇప్పుడు ఖాళీ అవ్వాలి. నిజమైన గడియారంతో ఇంత కచ్చితంగా ఎప్పటికీ చూడలేం.

సెర్చ్ బాక్సుకీ ఇదే పద్ధతి. టైపింగ్ ఆపిన 300 మిల్లీసెకన్లకు సర్వర్‌ని అడగాలనుకోండి. "రుషికొండ" అని ఒక్కో అక్షరం కొడుతూ మధ్యలో 100 చొప్పున కదపండి: సర్వర్‌కి ఒక్క కాల్ కూడా వెళ్లకూడదు. చివరి అక్షరం తర్వాత 299 కదిపినా వెళ్లకూడదు. ఇంకొకటి కదిపితే ఒకే ఒక్కసారి వెళ్లాలి.

3. ప్రామిస్ దగ్గర జాగ్రత్త

ఇంతవరకు అంతా సాఫీ. అసలు టెన్షన్ ఇక్కడ మొదలు. ప్రామిస్ అంటే ఇంకా పూర్తికాని పని ఫలితం తర్వాత ఇస్తానని చెప్పే మాట. అవెయిట్ అంటే ఆ ఫలితం వచ్చేదాకా ఆగడం, అలా ఆగగలిగేది అసింక్ ఫంక్షన్. పేమెంట్ ఫెయిలైతే 1, 2, 4 సెకన్ల విరామంతో మళ్లీ ప్రయత్నించే అసింక్ ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. చాలామంది టెస్టులో నేరుగా దాని ముందు అవెయిట్ పెట్టి, కింది లైన్లో టైమ్ కదుపుతారు.

"అవెయిట్ పెట్టానన్నా, అయినా 5 సెకన్లకి టైమౌట్ అంటోంది" అని జూనియర్ వస్తాడు. పెట్టాడు కాబట్టే అలా అంటోంది. ఫంక్షన్ గడియారం కోసం చూస్తోంది, గడియారం కదిపే లైను ఫంక్షన్ కోసం చూస్తోంది. కాబట్టి ముందు అవెయిట్ లేకుండా పిలిచి, వచ్చిన ప్రామిస్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. టైమ్ కదపండి. ఆ తర్వాత అవెయిట్ చేయండి.

సరే, అలాగే మార్చి అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్(7000) అన్నాడు. మళ్లీ వేలాడింది! ఏం జరిగిందో నెమ్మదిగా చూద్దాం. మొదటి ప్రయత్నం ఫెయిలైంది. ఆ సంగతి క్యాచ్ బ్లాకుకి చేరాలంటే మైక్రోటాస్క్ వరస (నడుస్తున్న కోడ్ ఆగగానే ప్రామిస్‌ల పనులు జరిగే క్యూ) నడవాలి. మన టెస్టులో ఎక్కడా ఆగకుండా వెంటనే 7 సెకన్లు కదిపేశాం. అప్పటికి 1 సెకను విరామం ఇంకా నమోదే కాలేదు. నమోదయ్యేసరికి గడియారం 7 దగ్గరుంది, ఇక దాన్ని కదిపేవాళ్లు లేరు. బస్సు కాంప్లెక్స్ దాటి వెళ్లిపోయాక ప్రయాణికుడు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చినట్టు.

దీనికి మందు అవెయిట్ జెస్ట్.అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్‌అసింక్(7000). ఇది టైమర్ల మధ్య ప్రామిస్‌ల పని జరగనిస్తూ ముందుకెళ్తుంది. జెస్ట్ 29.5 నుంచి ఉంది. ప్రామిస్ కలిసిన కోడ్ ఏదైనా సరే, నేనైతే కళ్లు మూసుకుని అసింక్ రకమే వాడమంటాను. 7 సెకన్లు ఒకేసారి దూకకుండా 1000, 2000, 4000 అని విడివిడిగా కదిపి, ఒక్కో చోట ఎన్ని కాల్స్ వెళ్లాయో చూస్తే విరామాలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా తేలిపోతుంది.

నాలుగు ప్రయత్నాలూ ఫెయిలై చివరికి ఎర్రర్ రావాలని పరీక్షిస్తుంటే ఇంకో చిక్కు. టైమ్ కదుపుతుండగానే ప్రామిస్ రిజెక్ట్ అవుతుంది (అంటే ఎర్రర్‌తో ముగుస్తుంది), అప్పటికి దాన్ని పట్టుకునేవాళ్లు ఉండరు. జెస్ట్ లాంటిదే ఇంకో టూల్ అయిన విటెస్ట్‌లో అయితే అన్‌హ్యాండిల్డ్ రిజెక్షన్ (ఎవరూ పట్టుకోని ఎర్రర్) అని మొత్తం రన్నే ఫెయిల్ చేస్తుంది. అందుకని ఎక్స్‌పెక్ట్(ప్రామిస్).రిజెక్ట్స్ లైనును టైమ్ కదపకముందే రాసి వేరియబుల్‌లో పెట్టుకోండి. కదిపాక దాన్ని అవెయిట్ చేయండి.

4. ఆగని ఇంటర్వల్

ఓటీపీ మళ్లీ పంపడానికి "ఇంకా 30 సెకన్లు" అని తగ్గుతూ వచ్చే అంకె సెట్‌ఇంటర్వల్‌తో నడుస్తుంటే, దాని మీద రన్‌ఆల్‌టైమర్స్ (వరస ఖాళీ అయ్యేదాకా నడిపేది) వాడకండి. ఇంటర్వల్‌ను ఎక్కడా క్లియర్ చేయకపోతే దానికి అంతం ఉండదు. లక్ష టైమర్లు నడిపాక జెస్ట్ విసుగొచ్చి ఎర్రర్ ఇస్తుంది. రన్‌ఓన్లీపెండింగ్‌టైమర్స్ (ఇప్పటికే వరసలో ఉన్నవాటినే నడిపేది) వాడండి, లేదా కావలసినంత టైమే కదపండి. సున్నాకి చేరాక గెట్‌టైమర్‌కౌంట్ (వరసలో మిగిలిన టైమర్ల సంఖ్య) కూడా 0 వస్తే ఇంటర్వల్ శుభ్రంగా ఆగినట్టే.

5. తేదీ

జెస్ట్.సెట్‌సిస్టమ్‌టైమ్ తో ఏ రోజైనా పెట్టుకోవచ్చు. అయితే ఇది డేట్ చూపించే సమయాన్ని మారుస్తుందే గాని, వరసలో ఉన్న టైమర్లను పేల్చదు. వాటికి అడ్వాన్స్ కావలసిందే. ఇంకోటి, మన టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5:30 గంటలు ముందు. విశాఖలో జనవరి 1 అర్ధరాత్రి దాటి 12:30 అయినప్పుడు, యూటీసీలో నడిచే సర్వర్‌కి ఇంకా డిసెంబర్ 31 రాత్రి 7 గంటలే. "ఈ రోజు బుకింగ్స్" లెక్క సరిగ్గా ఆ గంటల్లోనే తప్పుతుంది. కాబట్టి ఒక టెస్టును కావాలనే ఆ సమయానికి పెట్టండి.

6. ఎక్కడ వాడకూడదు

నిజమైన డేటాబేస్‌కో నెట్‌వర్క్‌కో కనెక్ట్ అయ్యే టెస్టుల్లో అన్నిటినీ నకిలీ చేస్తే, ఆ లైబ్రరీల లోపలి టైమర్లు కూడా ఆగి కూర్చుంటాయి. అక్కడ యూజ్‌ఫేక్‌టైమర్స్‌కి డునాట్‌ఫేక్ ఆప్షన్ ఇచ్చి, నెక్స్ట్‌టిక్, సెట్‌ఇమీడియట్ లాంటివాటిని నకిలీ చేయకుండా వదిలేయండి. అదీ కుదరకపోతే డేట్ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆ జాబితాలో పెట్టండి. రియాక్ట్ టెస్టుల్లో యూజర్‌ఈవెంట్ (క్లిక్, టైపింగ్ లాంటివి అనుకరించే లైబ్రరీ) వాడుతుంటే, దాని సెటప్‌లో అడ్వాన్స్‌టైమర్స్ అనే ఆప్షన్‌కి జెస్ట్.అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్ ఇవ్వాలి. లేకపోతే మొదటి క్లిక్ దగ్గరే ఆగిపోతుంది.

జెస్ట్ కాకపోయినా పద్ధతి ఇంతే. విటెస్ట్‌లో దాదాపు ఇవే పేర్లు, ముందు జెస్ట్ బదులు విఐ. సైనాన్ అనే లైబ్రరీలో క్లాక్.టిక్, ప్రామిస్‌లకి టిక్‌అసింక్. కోట్లిన్ కొరొటీన్లకి రన్‌టెస్ట్, ఫ్లట్టర్‌కి ఫేక్‌అసింక్ ఉన్నాయి. గో భాషలో 2025లో వచ్చిన 1.25 వెర్షన్ నుంచి సింక్‌టెస్ట్ ప్యాకేజీ లైబ్రరీలోనే ఉంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.