రీకాల్ వచ్చింది, బ్యాచ్ దొరకట్లేదు: మందుల షాపులో సమస్య - పరిష్కారం

సమస్య: కంప్యూటర్‌లో సున్నా, ర్యాక్‌లో సరుకు

స్టాకిస్టు (షాపుకు మందులు సరఫరా చేసే హోల్‌సేల్ వ్యాపారి) నుంచి రీకాల్ కాగితం వచ్చింది. అంటే లోపం ఉన్న ఒక బ్యాచ్‌ని, ఒకే విడతలో తయారైన మందుని, వెనక్కి తీసుకుంటున్నారు. బ్యాచ్ నంబరు కొడితే సాఫ్ట్‌వేర్ ఒక్క స్ట్రిప్పు కూడా లేదంటోంది. నమ్మి వదిలేయకండి.

కారణం చాలావరకు కొనుగోలు ఎంట్రీలోనే ఉంటుంది. ఇన్‌వాయిస్‌లో ఒక బ్యాచ్ రాసి, అట్టపెట్టెలో రెండు బ్యాచ్‌లు కలిపి పంపుతుంటారు. ‘బి’ని 8గా, ‘ఓ’ని సున్నాగా కొట్టేస్తుంటాం. కొత్త సరుకును పాత బ్యాచ్ మీదే ఎక్కించే షాపుల్లోనైతే కంప్యూటర్‌ని అడగడమే దండగ.

చేత్తో వెతకాల్సిందే: ర్యాక్, అటక మీది పెట్టెలు, కౌంటర్ డ్రాయరు, ఫ్రిజ్, కస్టమర్లు తిరిగిచ్చినవి, డెలివరీకి కట్టి ఉంచిన కవర్లు. ఆ తర్వాత లెక్క. కొన్నవి 30 స్ట్రిప్పులు, బిల్లు వేసినవి 22 అయితే 8 ఉండాలి. 5 దొరికితే, ఆ 3 వేరే బ్యాచ్ పేరుతో వెళ్లి ఉండొచ్చు. సరుకు దిగిన రోజు నుంచి ఆ మందు బిల్లులన్నీ తీయండి. బ్యాచ్‌తో కాదు, మందు పేరుతో.

కట్ చేసిన స్ట్రిప్పులది వేరే బాధ. నంబరు ఒక అంచున ఉంటే, ఆ అంచు నుంచే కత్తిరించి ఇచ్చేశాక మిగిలిన ముక్క ఏ బ్యాచో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. రెండో అంచు నుంచి కత్తిరించండి, కవరు మీద నంబరు రాసివ్వండి. నంబరు లేని ముక్క అనుమానపు సరుకే, అమ్మొద్దు.

సమస్య: పక్కన పెట్టింది మళ్లీ అమ్ముడైంది

పొద్దున తీసి ఉంచిన పెట్టె సంగతి సాయంత్రం డ్యూటీ కుర్రాడికి తెలియదు, అంతే. సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్‌ని బ్లాక్ చేయండి. పెట్టెకు టేపు వేసి ‘అమ్మకానికి కాదు’ అని రాసి తాళం పెట్టండి. ఇన్సులిన్ లాంటివైతే రీకాల్ సరుకునూ 2-8 డిగ్రీల్లోనే, విడి ట్రేలో ఉంచాలి. బయట పెట్టి పాడైతే, తప్పు కంపెనీదా మీ షాపుదా అన్నది తేలదు.

సమస్య: కొన్న మనిషి దొరకడం లేదు

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల షాపులకు ఇది మరీ కష్టం. కొన్నవాళ్లు పాడేరుకో శ్రీకాకుళానికో వెళ్లిపోయి ఉంటారు, బిల్లు మీద ‘క్యాష్’ అనే ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 మందులైతే (చీటీ మీదే అమ్మి, విడిగా రిజిస్టరులో రాయాల్సినవి) ఆ రిజిస్టరులో రోగి పేరు, రాసిన డాక్టరు వివరాలు ఉంటాయి. డాక్టరు ద్వారా పట్టుకోవచ్చు. మిగతావాటికి బిల్లు మీద ఫోన్ నంబరే దిక్కు, అది ముందే అడగాలి. సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం మొదటి తరగతి, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన, రీకాల్‌కు 24 నుంచి గరిష్ఠంగా 72 గంటలే గడువు. రెండో తరగతికి 10 రోజులు, మూడో దానికి 30 రోజులు. రెండు రోజులు ఆలోచిద్దాం అనుకునేంత తీరిక ఉండదు.

ఫోన్‌లో ‘మాత్రలు ఆపేయండి’ అని మాత్రం అనకండి. బీపీ, ఫిట్స్ మందులు ఠక్కున ఆపితే రీకాల్ కంటే పెద్ద ప్రమాదం. ‘ఆ స్ట్రిప్పు తీసుకురండి, వేరే బ్యాచ్ ఇస్తాం’ అని చెప్పండి. వేరే బ్యాచ్ లేకపోతే డాక్టరుతో మాట్లాడించండి.

సమస్య: స్టాకిస్టు వెనక్కి తీసుకోనంటున్నాడు

ఎక్స్‌పైరీ సరుకుతో కలిపి కట్టి ఉంటారు, లేదా ఆ బ్యాచ్ ఇంకో స్టాకిస్టు ఇచ్చిందై ఉంటుంది. విడిగా ప్యాక్ చేసి, ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, బ్యాచ్, సంఖ్య రాసి డెబిట్ నోట్‌తో (తిరిగి పంపిన సరుకు విలువ మీకు రావాలని చూపే కాగితం) పంపండి. నకలు మీద సంతకం తీసుకోండి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఫారం 15 (ఆ సరుకు అమ్మొద్దు, తరలించొద్దు అనే ఉత్తర్వు) ఇచ్చి ఉంటే మాత్రం సరుకు కదపకూడదు. ఆ ఉత్తర్వు 20 రోజుల దాకా ఉండొచ్చు.

‘ఈ బ్యాచ్ మేం తయారు చేయలేదు’ అని కంపెనీ అంటే అది రీకాల్ కాదు, నకిలీ మందు కేసు. అలాంటప్పుడు తిరిగి పంపేస్తే సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. సరుకు ఉన్నచోటే ఉంచి ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. లైసెన్సున్నవాళ్ల దగ్గరే కొన్నామని చూపించే ఇన్‌వాయిస్ ఒరిజినల్ చేతిలో ఉంచుకోండి.

సమస్య: వాట్సాప్ వార్త చూపించి మందు తిరిగిస్తున్నారు

అది చాలాసార్లు అమెరికా రీకాల్. అక్కడికి ఎగుమతైన బ్యాచ్ మామూలుగా మన ర్యాక్‌లో ఉండదు. మందు పేరు, మోతాదు, తయారీదారు, బ్యాచ్: నాలుగూ సీడీఎస్‌సీఓ నెలనెలా పెట్టే, నాణ్యత తప్పిన మందుల జాబితాతో సరిచూసి స్ట్రిప్పు వాళ్లకే చూపించండి. మాత్ర వేసుకున్నాక ఏదైనా తేడా చేసిందంటే మాత్రం అది విడి విషయం. డాక్టరుకు చూపించమని చెప్పి, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేయించండి.