సొంత ల్యాప్‌టాప్‌లో ఏఐ: తెలుగు ఫైళ్లతో వచ్చే తంటాలు

మిర్చి రైతులు నమ్మి చెప్పిన అప్పుల లెక్కలను బయటి సర్వర్‌కి పంపడం నాగార్జున యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు మనసొప్పదు. అందుకే ఏఐ మోడల్‌ని ల్యాప్‌టాప్‌లోనే నడిపే ఒల్లామా, మన ఫైళ్లలో వెతికి జవాబు చెప్పించే ఎనీథింగ్ ఎల్‌ఎల్‌ఎం లాంటివి పెట్టుకుంటారు. అసలు చికాకులు అక్కడే మొదలవుతాయి.

సమస్య: పీడీఎఫ్‌లో విషయం కనిపిస్తున్నా, ఏఐ "సమాచారం లేదు" అంటోంది.

మోడల్‌ని తిట్టుకోకండి. పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తే, అది అను లాంటి పాత ఫాంట్‌లో కొట్టిన ఫైలు. విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పుస్తకాలు కంపోజ్ అయింది ఇలాంటి ఫాంట్లలోనే. మన కంటికి అది తెలుగే కానీ, లోపల యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరాన్నీ కంప్యూటర్ గుర్తుపట్టే కోడ్) లేదు కాబట్టి కంప్యూటర్‌కి అర్థం లేని గుర్తుల కుప్ప. డీటీపీ వాళ్లు కంపోజ్ చేసిన అసలు పేజ్‌మేకర్ ఫైలు దొరికితే యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు. అయితే ఫైలుని ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెడితే అది బయటి సర్వర్‌కి వెళ్లినట్టే, ఇన్ని జాగ్రత్తలూ వృథా.

పీడీఎఫ్ ఒక్కటే ఉంటే ఓసీఆర్ (పేజీ బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టడం) చేయడమే మేలు. ఓసీఆర్ చేసే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు డేటా ఉంది. దాని మీద నడిచే ఓసీఆర్‌మైపీడీఎఫ్‌కి భాష తెలుగు అని, "ఫోర్స్ ఓసీఆర్" అని రెండూ చెప్పాలి. రెండోది చెప్పకపోతే, ఇందులో టెక్స్ట్ ఇప్పటికే ఉంది కదా అని ఆగిపోతుంది. పేస్ట్ చేస్తే ఏమీ రాలేదంటే అది స్కాన్ కాపీ. దానికీ ఓసీఆరే మందు. కొత్తగా స్కాన్ చేసేటప్పుడు స్పష్టత 300 డీపీఐ పెట్టండి. ఓసీఆర్‌లో వత్తులు, అంకెలు తప్పుగా వస్తుంటాయి. పేర్లు, ఎకరాలు, రూపాయలు మాత్రం కళ్లతో సరిచూసుకోవాల్సిందే.

సమస్య: ఇంగ్లిష్ పేపర్లు దొరుకుతున్నాయి, తెలుగువి దొరకడం లేదు.

ప్రశ్నకు అర్థంలో దగ్గరగా ఉన్న భాగాలను ఫైళ్లలో వెతికి పెట్టే ఎంబెడింగ్ మోడల్ ఇంగ్లిష్‌దై ఉంటుంది. బీజీఈ-ఎం3 లాంటి బహుభాషా మోడల్‌కి మారండి. మార్చాక ఫైళ్లన్నీ మళ్లీ ఎక్కించి ఇండెక్స్ (వెతకడానికి వీలుగా చేసుకునే జాబితా) చేయాలి. పాత ఇండెక్స్ పనికిరాదు.

సమస్య: పెద్ద ఇంటర్వ్యూ ఇస్తే సగం వదిలేసి జవాబు చెబుతోంది.

తెలుగు మాట ఇంగ్లిష్ మాట కన్నా ఎక్కువ టోకెన్లుగా (మోడల్ చదివే చిన్న ముక్కలుగా) విడిపోతుంది, కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగలిగే టోకెన్ల పరిమితి) తొందరగా నిండిపోతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 8192 టోకెన్లకి పెంచి చూడండి. ర్యామ్ ఎక్కువ పడుతుంది. 8 జీబీ మెషీన్ మొరాయిస్తే 3-4 బిలియన్ పారామీటర్ల చిన్న మోడల్ చాలు. లేదా ఇంటర్వ్యూని ప్రశ్నల వారీగా ముక్కలు చేయండి. నాకైతే ఇదే నయమనిపిస్తుంది.

సమస్య: డేటా నిజంగా ఇంట్లోనే ఉందా అని టెన్షన్.

వైఫై ఆపేసి ప్రశ్న అడగండి. జవాబు ఆగిపోతే ఎక్కడో క్లౌడ్ మోడల్ (బయటి సర్వర్‌లో నడిచేది) ఎంచుకున్నట్టే. ఒల్లామాలోనూ క్లౌడ్ మోడళ్లున్నాయి, పేరు చివర "cloud" అని ఉందేమో చూడండి. ఫోన్‌లోంచి వాడదామని ఒల్లామా హోస్ట్‌ని 0.0.0.0గా (నెట్‌వర్క్‌లోని వేరే పరికరాలకూ తెరిచేలా) మార్చి ఉంటే, తిరిగి 127.0.0.1 (ఈ ల్యాప్‌టాప్‌కి మాత్రమే) చేయండి. ఒల్లామాకి సొంతంగా పాస్‌వర్డ్ ఉండదు. ఫైర్‌వాల్ అడ్డుకోకపోతే హాస్టల్ వైఫైలో ఉన్న ఎవరైనా మీ మోడల్‌ని వాడుకోవచ్చు.