గానుగ నూనె సీసా తిరిగొచ్చేలా వ్యాపారాన్ని డిజైన్ చేయడం ఎలా?

గోలీసోడా తాగాక సీసాను ఇంటికి తీసుకెళ్లం. బండి మీదే పెట్టి వచ్చేస్తాం. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజినీరు పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి రబ్బరు వాషరుకు అదిమి పెడుతుంది, అదే మూత. లోపలి సోడా కంటే సీసా ఖరీదు ఎక్కువ కాబట్టి బండివాళ్లు సోడాను మాత్రమే అమ్ముతారు, సీసాను దగ్గరే ఉంచుకుంటారు. కడిగి మళ్లీ నింపుతారు.

వ్యూహాత్మక డిజైన్ అనే పెద్ద మాటకు నాకు తెలిసిన చిన్న ఉదాహరణ ఇదే. డిజైన్ అనగానే చాలామంది లేబులు, లోగో, బోర్డు రంగు గురించి ఆలోచిస్తారు. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, వాడాక ఎక్కడికి పోతుంది, డబ్బు ఎవరి చేతికి ఎప్పుడు అందుతుంది అనేవి కూడా డిజైనే. వాటిని కొట్టు తెరవకముందే తేల్చుకోవాలి. ఇప్పుడు మన ఊళ్లలో, పట్టణాల్లో చాలాచోట్ల గానుగలు పెడుతున్నారు కదా, అలాంటి ఒక కొట్టును ఊహించుకుని అడుగడుగునా చూద్దాం. నెలకు 300 లీటర్ల పల్లీ నూనె అమ్మే చిన్న కొట్టు అనుకోండి.

1. సరుకు ప్రయాణాన్ని బరువులతో సహా గీయండి

పెద్ద కాగితం తీసుకుని చేను దగ్గర మొదలుపెట్టి, ఇంట్లో పొయ్యి దాకా గీత గీయండి. ప్రతి మలుపు దగ్గర ఎన్ని కిలోలు వచ్చాయో, ఎన్ని పోయాయో రాయండి. గానుగలో లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పల్లీలు కావాలి. అంటే నెలకు 750 కిలోలు. కాయలుగా కొంటే టన్ను పైనే, ఎందుకంటే కాయ బరువులో గింజ వాటా దాదాపు 70 శాతం, మిగతాది పొట్టు.

లీటరు నూనె బరువు 910 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి 300 లీటర్లంటే 273 కిలోలు. మడ్డి, తేమ తీసేసినా ఇంకో 450 కిలోల పైచిలుకు చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, ఉంటుంది. బరువు లెక్కన చూస్తే ఈ కొట్టు నుంచి బయటికి వెళ్లే సరుకులో నూనె కంటే చెక్కే ఎక్కువ! ఈ ఒక్క అంకె కాగితం మీద కనబడితే చాలు, వ్యాపారం గురించి మీ ఆలోచన మారిపోతుంది. అందుకే ఈ పనికి కనీసం రెండు రోజులు కేటాయించమంటాను.

2. వంటింట్లోకి వెళ్లి చూడండి

"పర్యావరణానికి మంచి సీసా ఇస్తే కొంటారా?" అని అడిగితే అందరూ కొంటామనే అంటారు. ఆ జవాబుతో పని జరగదు. తెలిసినవాళ్ల ఇళ్లలో నాలుగైదు వంటిళ్లు చూసి రండి. నూనె సీసా పొయ్యి పక్కనే వేడికి ఉంటుందా? కిటికీ వెలుతురు పడుతోందా? పోసేటప్పుడు నూనె పక్కకు కారి, కింద కాగితం ముక్క పెట్టుకున్నారా? నెలకు ఎన్నిసార్లు కొంటున్నారు? ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఏమవుతున్నాయి?

వేడి, వెలుతురు తగిలితే నూనె తొందరగా పాత వాసన వేస్తుంది. కాబట్టి ముదురు రంగు గాజు మంచిది. కారకుండా పోసే మూత ఇస్తే ఆ ఇల్లాలు మీ సీసాను వదలదు. ఇలాంటి చిన్న సౌకర్యమే సీసాను తిరిగి మీ కొట్టుకు తెస్తుంది.

3. సీసాను ఎంచుకోండి, డిపాజిట్ పెట్టండి

ఇక్కడ నియమాలు ముందు తెలుసుకోవాలి. ఎవరి క్యాను వాళ్లు తెచ్చుకుని నూనె పట్టించుకుపోతే బాగుంటుందని అందరికీ తడుతుంది. కానీ వంట నూనెను ప్యాక్ చేసి, లేబుల్ వేసి అమ్మాలన్నది ఆహార భద్రతా నియమం. ఒకసారి వాడిన రేకు డబ్బాల్లో మళ్లీ ఆహారం ప్యాక్ చేయకూడదని 2018 నాటి ప్యాకేజింగ్ నియమాలు చెబుతాయి. గాజు సీసాలను మళ్లీ వాడొచ్చు, కాకపోతే అవి గట్టిగా, శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలి. అందుకే మన దారి గాజు సీసా. లైసెన్సు కోసం వెళ్లినప్పుడే కడిగే పద్ధతి గురించి ఫుడ్ సేఫ్టీ అధికారిని అడిగి రాసుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

సీసా కొనేటప్పుడు నాలుగు చూడండి. బ్రష్ లోపలికి వెళ్లేంత మూతి ఉండాలి. మామూలు ఆకారమే తీసుకోండి, పగిలితే అదే సైజు మళ్లీ దొరకాలి. లేబుల్ జిగురు వేడినీళ్లకు ఊడిరావాలి. మూత ప్రతిసారీ కొత్తది వేయాలి. కడిగాక లోపల నీటి చుక్క కూడా మిగలకూడదు, బోర్లించి పూర్తిగా ఆరాకే నింపండి.

ఎన్ని సీసాలు కావాలి? సీసా ఒక ఇంట్లో నెల రోజులు ఉండి, వచ్చాక కడిగి ఆరి నింపేసరికి వారం పడుతుందనుకుంటే, 300 లీటర్ల వ్యాపారానికి సుమారు 375 సీసాలు తిరుగుతూ ఉండాలి. పగిలేవి, ఆలస్యమయ్యేవి కలుపుకుని 450 పెట్టుకోండి. సీసా ధర ₹30 అనుకుంటే ₹13,500 పెట్టుబడి.

డిపాజిట్ సీసా ధర కంటే తక్కువ ఉండకూడదు, లేకపోతే తిరిగిరాని ప్రతి సీసా మీకు నష్టం. ₹40 పెట్టారనుకుందాం. ఇళ్లలో 300 సీసాలుంటే మీ దగ్గర ₹12,000 జమవుతుంది. దయచేసి ఈ డబ్బు ముట్టుకోకండి. అది కొన్నవాళ్లది, వేరే ఖాతాలో ఉంచండి. సీసా తెచ్చినప్పుడు ప్రశ్నలు వేయకుండా, కొత్త నూనె కొన్నా కొనకపోయినా, వెంటనే చేతిలో పెట్టాలి. ఒక్కసారి "రేపు రండి" అన్నారా, పద్ధతి మొత్తం అక్కడే కూలిపోతుంది.

డిపాజిట్ పనిచేస్తుందా అన్న అనుమానం ఉంటే పక్క రాష్ట్రం తమిళనాడు చూడండి. నీలగిరి అడవుల్లో మద్యం సీసాల పెంకులు జంతువుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2022లో అక్కడి ప్రభుత్వ దుకాణాల్లో సీసాకు ₹10 అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే వెనక్కివ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆ పద్ధతిని వేరే జిల్లాలకూ తీసుకెళ్లారు.

ఒక హద్దు మాత్రం మరచిపోవద్దు. గాజు బరువు. లీటరు సీసా ఖాళీగానే అర కిలో దాటొచ్చు. మీ ఊరి చుట్టుపక్కల తిరిగినంత వరకే ఇది లాభం. హైదరాబాద్‌కో, అమెరికాలో అబ్బాయికో పార్శిల్ పంపడానికి ఈ పద్ధతి పనికిరాదు. అలాంటి ఆర్డర్లను లెక్కలోంచి విడిగా పెట్టండి.

4. చెక్కకు దారి చూపించండి

నువ్వుల చెక్క అంటే తెలగపిండి. దానితో కూర వండి బాలింతలకు పెట్టే అలవాటు మనకు ఉండనే ఉంది. నువ్వులు కూడా ఆడిస్తుంటే, శుభ్రమైన చెక్కను ఆహారంగానే ప్యాక్ చేసి అమ్మండి, అది కూడా మీ లైసెన్సులో చేరాలి. పల్లీ చెక్క పశువుల దాణా. ఇందులో ఒక ప్రమాదం ఉంది. తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, గేదె తింటే పాలలోకి కూడా వస్తుంది. బస్తాలను నేల మీద కాకుండా ఎత్తు బల్లల మీద పెట్టండి, వానాకాలంలో వారానికి మించి నిల్వ ఉంచకండి.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఏమిటంటే, పల్లీలు అమ్మే రైతుకే గేదెలుంటే చెక్కను తక్కువ ధరకు ఆయనకే ఇవ్వడం. బండి వచ్చేటప్పుడు పల్లీలు, పోయేటప్పుడు చెక్క. ఖాళీ ప్రయాణం ఉండదు.

5. డబ్బు ఎప్పుడు అందాలో డిజైన్ చేయండి

ఖరీఫ్ వేరుశనగ ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో చేతికొస్తుంది. నూనె ఏడాదంతా అమ్ముడవుతుంది. రైతుకు అప్పుడే డబ్బు కావాలి, మీ దగ్గర అప్పుడు ఉండదు. దళారి బతికేది ఈ ఖాళీలోనే. పాలకు ఖాతా పెట్టినట్టు నూనెకూ ఖాతా పెట్టండి: మూడు నెలల డబ్బు ముందుగా కట్టిన ఇళ్లకు కొంచెం ధర తగ్గించండి, ఆ సొమ్ముతో పంట సమయంలో నేరుగా కొనండి.

ఇది కొత్తేమీ కాదు. 1956లో మొదలైన ములుకనూరు సహకార సంఘం, ఇప్పటి హనుమకొండ జిల్లాలో, రైతుకు అప్పు ఇవ్వడం, సాగుకు కావాల్సినవి అందించడం, పంట కొనడం ఒకే చోట కలిపింది. విడివిడిగా ఉంటే ఒక్కోటీ రైతును ఒక్కో గడప ఎక్కించేది.

6. ఇరవై ఇళ్లతో రెండు నెలలు నడపండి

450 సీసాలు ఒకేసారి కొనకండి. ముప్పై చాలు. నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు రాయండి: వెళ్లిన సీసాలు, వచ్చినవి, సగటున ఎన్ని రోజులకు వచ్చాయి, సీసా కడగడానికి ఎంత నీరు, ఎంత కూలి. పదింట మూడు రాకపోతే డిపాజిట్ తక్కువైనా ఉండాలి, కొట్టు దూరమైనా ఉండాలి. రెండో కారణమైతే కొత్త సీసా ఇంటికి చేర్చే మనిషే పాతది తీసుకొచ్చేలా మార్చండి.

7. పక్క గానుగతో సీసా పంచుకోండి

మీ పద్ధతి నిలబడ్డాక పక్క మండలంలో ఇంకొకరు మొదలుపెడతారు. పోటీ అని వేరే సీసా ఎంచుకోనివ్వకండి. జర్మనీలో మినరల్ వాటర్ కంపెనీలు ఒక సహకార సంఘంగా ఏర్పడి, 1969లో గుంటర్ కుపెట్జ్ అనే డిజైనర్ చేసిన 0.7 లీటర్ల సీసాను అందరూ వాడుకున్నాయి. లేబుల్ మాత్రమే ఎవరిది వాళ్లది. ఎవరి సీసా ఎవరి దగ్గరికి వచ్చినా కడిగి నింపుకోవచ్చు, ఖాళీ సీసాలు వెతుక్కుంటూ ఊళ్లు తిరగక్కర్లేదు.

రెండు గానుగలు కలిసినా ఇది పనిచేస్తుంది. ఒక కాగితం మీద రాసుకోండి: సీసా కొలత, మూత సైజు, డిపాజిట్ మొత్తం, కడగడంలో పాటించాల్సిన శుభ్రత, పగిలినవాటి ఖర్చు ఎవరిది, నెలాఖరున ఒకరి దగ్గర ఎక్కువ సీసాలు చేరితే ఎలా సర్దుకోవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆ కాగితం నకలు రెండు కొట్లలోనూ గోడకు అంటించండి.