తోలు కరకరలాడే పంది పొట్ట మాంసం

మిర్యాలగూడలో మా ఇంట్లో ఉన్నది చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్), కిలో ముక్కే పడుతుంది. తోలు తీయొద్దని కొట్టతనికి ముందే చెప్పాలి. మొదటిసారి నేను చెప్పలేదు, శుభ్రంగా తీసేసి ఇచ్చాడు!

తోలంతా దబ్బనంతో దగ్గర దగ్గరగా పొడవాలి. కొవ్వులోకి దిగాలి, మాంసం దాకా పోవద్దు. అల్లం వెల్లుల్లి, కారం మాంసం వైపే పూయాలి. తోలు పొడిగుడ్డతో తుడిచి, ఉప్పు రుద్ది, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. అసలు పని ఈ ఆరబెట్టడమే. తడి ఉంటే తోలు పొంగదు, చెప్పులా సాగుతుంది. "ఫ్రిజ్‌లో మూతలేని పంది మాంసమా?" అని మా అత్తమ్మ రెండు రోజులు సణిగింది. కింది అర ఖాళీ చేసి అక్కడ పెట్టా.

మర్నాడు పైన ఉప్పు దులిపి, తోలు పైకి ఉండేలా 160 డిగ్రీల్లో గంటన్నర. తర్వాత 230కి పెంచి 20 నిమిషాలు, పక్కనే నిలబడి చూస్తూ. బుడగలు లేచాక తీసి, పావుగంట ఆగి, తోలు కిందికి తిప్పి కోయండి. జొన్నరొట్టెతో తింటాం మేం.