డ్రాగ్ వేసే కుర్రవాడి కథను కోనసీమలో జరిగేలా రాయదలచినవారికి

డ్రాగ్ ద్వారా, అంటే ఆడరూపాన్ని కావాలనే అతిశయంగా అలంకరించుకుని ప్రదర్శించే కళ ద్వారా, తాను క్వీర్ అని, అంటే ఆడ-మగ, ప్రేమల గురించిన మామూలు చట్రంలో ఇమిడేవాడు కాదని తెలుసుకునే పదిహేడేళ్ల కుర్రవాడి నవల రాయదలచినవారు మొదట తేల్చుకోవలసింది, కథ ఎవరి గొంతులో నడవాలన్నది. తెలుగులో ‘వచ్చాను’, ‘చూశాను’ అన్నప్పుడు ఆ మనిషి ఆడో మగో క్రియ చెప్పదు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్నామంటే చెప్పేస్తుంది. కాబట్టి ఉత్తమ పురుషలోనే రాయండి. అలా రాస్తే కథానాయకుడు తన గురించి ఏ తీర్మానానికీ రాకుండానే వంద పేజీలు నడవగలడు, అతణ్ణి మగవాడని గుర్తుచేసే పని చుట్టూ ఉన్నవారి పిలుపులకు మిగులుతుంది. రోజూ ‘ఏరా’ అని పిలిచే స్నేహితురాలు, అతడు రంగు వేసుకుని అద్దం ముందు నిలబడినప్పుడు ‘ఎంత బాగున్నావే’ అని తనకు తెలియకుండానే అనేస్తే, ఆ చివరి ‘వే’ ఒక్కటే ఒక అధ్యాయాన్ని మోస్తుంది. దానిని తొందరపడి మొదట్లోనే వాడుకోకండి.

ఆత్రేయపురం మండలంలోని ర్యాలి గుడిలో ఒకే శిలకు ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని ఉన్నారు. ఈ నవలకు ఇంతకంటే దగ్గరి చోటు నాకు కనిపించదు, అందుకే జాగ్రత్త చెబుతున్నాను: ఆ విగ్రహం అర్థాన్ని ఏ పాత్ర చేతా చెప్పించకండి. ఇంటివారంతా ప్రసాదం కోసం బయటకు వెళ్లాక కుర్రవాడు మోహిని వైపు ఇంకొంతసేపు నిలబడి ఉంటే చాలు.

స్త్రీవేషాన్నీ డ్రాగ్‌నూ ఒకటిగా కలిపేయకండి. 1956లో పద్మశ్రీ అందుకున్న రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు గాని, కూచిపూడి సత్యభామగా పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారు గాని నటించినప్పుడు, ప్రేక్షకుడు వేషం వెనుక ఉన్న పురుషుణ్ణి మరచిపోవడమే ఆ కళ సాధించదలచినది. డ్రాగ్‌లో మాత్రం ఆ రూపం కల్పించినదని చూసేవారికి తెలుస్తూనే ఉండాలి, అందుకే అక్కడ కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కుతాయి, నడుము ఉన్నదానికంటే సన్నబడుతుంది. ఆ మహానటుల జీవితాలకు మన కథను అంటగట్టడం అన్యాయం. అటక మీద తాతగారి వేషాల పెట్టె దొరకడం వంటి సులువైన ఉపాయాన్ని కూడా మానుకోండి. కుర్రవాడు డ్రాగ్‌ను ఫోనులో చూసి, తప్పులు చేస్తూ నేర్చుకోవడమే నిజానికి దగ్గర.

ఆ తప్పులను వివరంగా రాయండి. కనుబొమ్మలను గ్లూస్టిక్‌తో అణచి పౌడరు అద్దడం, పాత పరుపులోని స్పాంజిని కోసి తుంటికి కట్టుకోవడం, అమ్మ చీర కుచ్చిళ్లు నాలుగోసారికి గాని కుదరకపోవడం, వైశాఖపు ఉక్కపోతలో పెదవి మీది రంగు గడ్డానికి జారడం, చివరకు కొబ్బరినూనెతో తుడుచుకున్న తువ్వాలును ఎక్కడ దాచాలో తోచకపోవడం. తాను ఎవరో కుర్రవాడికి తెలియడం రంగు పూసుకునేటప్పటికంటే తీసేసేటప్పుడు జరిగితే బలంగా ఉంటుందని నా నమ్మకం. ముఖం కడిగాక కూడా ఆ నిలబడిన తీరు ఒంట్లోనే ఉందని అతడు గమనించాలి.

పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది గనుక, ఇప్పటి కథలో భయాన్ని ఇంటిలోనే ఉంచండి. తండ్రిని రొయ్యల చెరువు నష్టంతో నిద్రలేని మనిషిగా చూపవచ్చు గాని దుర్మార్గుడిగా చూపకండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక ‘వాడు’, ‘రా’, ‘వే’ అన్నవాటి కింద ఎర్రగీత గీసి, ప్రతి గీత దగ్గర ఆ మాట ఎవరిదో, కుర్రవాడు అప్పుడు ఏం విన్నాడో పక్కనే రాసుకోండి.